శనివారం వచ్చిన బ్రేకు ప్యాడ్లు

ఆ శనివారం పొద్దున వేణుగోపాల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి కోయంబత్తూరు నుంచి పార్సిలు వస్తుంది. అందులోని బ్రేకు ప్యాడ్లలో ఒక సెట్టు ఎంచుకోవాలి. పదింటికల్లా మెకానిక్ బుడేన్ సాహెబ్ వాటిని కారుకు బిగిస్తాడు. పదిన్నరకు కర్నూల్లో బయల్దేరితే పొద్దుగూకే లోపల కడప చేరొచ్చు. ఆదివారం ఉదయం కడప పక్కన బీడులో కార్ల పందెం. ఇందులో చెడిపోవడానికి ఏముందని మీరు అడగొచ్చు. వేణుగోపాల్ కూడా అలాగే అనుకున్నాడు.

వేణుగోపాల్‌ది వన్‌టౌన్‌లో నూనె అంగడి. అంటే, వాళ్ల నాయన పెద్దసుబ్బయ్యది. ముప్ఫై రెండేళ్లు వచ్చినా వేణుగోపాల్ నాదని చెప్పుకోగలిగిన వస్తువు ఈ లోకంలో ఒక్కటే, ఒక పాత మారుతి కారు. పందెం కోసం దాని వెనక సీటు పీకేశాడు. తలుపుల మీద పదకొండు అంకె వేయించాడు. సైలెన్సర్‌కు ఏదో చేయించాడు, దాంతో కారు వీధి మొదట్లో ఉండగానే వీధి చివర పసిపిల్లలు నిద్ర లేస్తున్నారు. కడప మోటారు మిత్రమండలి వాళ్లు ఏటా వేసవిలో పెట్టే ఈ పందెంలో, డ్రమ్ముల మధ్య వంకరటింకరగా తిరిగొచ్చి చివర సున్నంతో గీసిన గడిలో కారు ఆపాలి. ముందు చక్రం గీత దాటిందంటే ఆ పరుగు చెల్లదు. గాలికంటే వేగంగా వచ్చినా సరే, లెక్కలోకి రాదు.

నిరుడు, అంటే 2005లో, వేణుగోపాల్ కారు గీత దాటింది. గీతతో ఆగినా బాగుండేది. షామియానా తాడు తెంచుకుని, మజ్జిగ కుండలు దొర్లించి, మండలి అధ్యక్షుడు దేవేంద్రప్ప కూర్చున్న కుర్చీ దాకా పోయింది. దేవేంద్రప్ప ఆ కుర్చీలోంచి లేచిన వేగం ఆ రోజు ఏ కారుకూ రాలేదని చూసినవాళ్లు చెబుతారు.

ఆ సంగతి విన్నప్పటి నుంచి పెద్దసుబ్బయ్యకు కారు మీద కన్ను పడింది. ఆయన చెడ్డవాడు కాదు. లోపల ఖాళీ ఉన్న బండి ఊరికే నిలబడి ఉంటే చూడలేడు, అంతే. ఈ ఏడాది పందెం తేదీ తెలియగానే బుడేన్ సాహెబ్‌ను సాక్షిగా కూర్చోబెట్టి మాట తేల్చేశాడు.

"ఈసారి ఆ సున్నం గీతల్లో బండి నిలబడితే నీ ఆట నీది. నేను మళ్లా నోరెత్తను. నిలబడకుంటే సోమవారం నుంచి అంగట్లో డబ్బాలు మోస్తాది. సీటు ఎట్లాగూ తీసేసినావు. పదైదు డబ్బాలు పడ్తాయి."

"కొలిచినావా నాయనా?" అన్నాడు వేణుగోపాల్ అనుమానంగా.

"పెట్టి చూసినా."

వేణుగోపాల్‌కు అంగట్లో రోజంతా డబ్బాలు, గరాటాలు, జిడ్డు చేతులు. వారానికొకసారి ఆ కారెక్కి ఊరి బయట రోడ్డు మీద తిరిగి వస్తేనే అతను మనిషిలా ఉంటాడు. అది కూడా నూనె బండి అయిపోతే ఇక బతుకులో మిగిలేది నూనే. అందుకే మూడు వారాలుగా బ్రేకుల గురించి చదవని కాగితం లేదు. పందెం దరఖాస్తులో 'బ్రేకు ప్యాడ్ల రకం' అని ఒక గడి ఉంటుంది. మిగతా గడులన్నీ ఒక్క పూటలో నింపినవాడు, ఆ ఒక్క గడినీ మూడు వారాలు ఖాళీగా ఉంచుకుని తిరిగాడు. చివరికి ఎటూ తేలక కోయంబత్తూరు నుంచి మూడు రకాలూ తెప్పించాడు.

పార్సిలు ఏడింటికే వచ్చింది. అప్పటికే బుడేన్ సాహెబ్ అంగడి అరుగు మీద టీ తాగుతున్నాడు. వేణుగోపాల్ మూడు డబ్బాలూ విప్పి వరసగా పెట్టాడు.

"ఈ నల్లవి మామూలువి బుడేన్‌భాయ్. తొక్కుతానే పట్టుకుంటాయి, కానీ బాగా వేడెక్కితే వదిలేస్తాయి. ఈ ఎర్రవి అసలైన పందెం సరుకు. చల్లగా ఉంటే పట్టవు, వేడెక్కినాక పట్టినాయంటే వదలవు. ఈ పసుపువి రెండిటికీ మధ్య. ఏవి ఏద్దాం?"

"ఏవైనా ఒకటేనప్పా," అన్నాడు బుడేన్ సాహెబ్.

"ఒకటే అయితే మూడు రకాలు ఎందుకు చేస్తారు?"

"మూడు రకాల మనుషులు కొంటారు గదా." బుడేన్ సాహెబ్ ఒక ఎర్ర ప్యాడు తీసి చేతిలో ఎగరేశాడు. "మా బావమరిది మంగంపేట ముగ్గురాయి గనుల్లో చేస్తాడు. ఆ రాయి పొడి వీటిల్లో కలుపుతారంట. శానా బరువుండే రాయి. రాయి ఎంత ఉంటే సరుకు అంత గట్టిది అంటాడు వాడు."

బరువు అన్న మాట చెవిన పడగానే లోపల్నుంచి పెద్దసుబ్బయ్య వచ్చాడు. బరువు విషయంలో ఆ బజారులో ఆయన మాటకు తిరుగులేదు. మూడు సెట్లనూ ఒకదాని తర్వాత ఒకటి కాటాలో పెట్టాడు. ముల్లు ఆగేదాకా ఊపిరి బిగపట్టాడు. ఎర్రవి తక్కిన రెండిటికంటే ఒక వక్క ఎత్తు బరువు తూగాయి.

"ఇవి ఏసుకో," అన్నాడు.

"మామయ్యా, బ్రేకులను తూకం ఏసి కొంటారా ఎవరైనా?" అంది వేణుగోపాల్ భార్య శ్రీవాణి గుమ్మంలోంచి.

"మరి దేన్నిబట్టి కొంటారమ్మా? రంగునుబట్టా?"

దీనికి జవాబు వేణుగోపాల్ దగ్గర ఉంది, కానీ అది నలభై పేజీలు. పైగా అతని మనసు కూడా మొదటినుంచీ ఎర్రవాటి మీదే ఉంది. చల్లగా ఉంటే పట్టవన్నదే అతని భయం. అదీ ఆ క్షణంలో తీరిపోయింది. ఏప్రిల్ నెలలో కర్నూలు జిల్లాలో చల్లగా ఉండేది ఏముంది? ఎర్ర సెట్టును ఇంట్లో బల్ల మీద విడిగా పెట్టి, నిశ్చింతగా స్నానానికి పోయాడు.

ఇక్కడ వేణుగోపాల్ తల్లి చెన్నమ్మ గురించి చెప్పాలి. చెన్నమ్మ ఎవరితోనూ పేచీ పెట్టుకోదు. ఎవరినీ అడగదు, ఎవరికీ చెప్పదు, చేయాల్సింది చేసేస్తుంది. ఆమె పూజ ముగించి వచ్చేసరికి బల్ల మీద ఇనుము కనిపించింది. కొత్త ఇనుము. శనివారం పూట గడప దాటి వచ్చిన ఇనుము. శనివారం ఇంట్లోకి ఇనుము తెస్తే దాని మీద కూర్చుని ఎవరొస్తారో ఆమెకు తెలుసు. పైగా ఆ ఇనుము కట్టుకుని కొడుకూ కోడలూ రెండు వందల కిలోమీటర్లు పోబోతున్నారు.

చెన్నమ్మ ఇత్తడి తాంబాళం తెచ్చింది. నాలుగు ఎర్ర ప్యాడ్లనూ అందులో పరిచింది. శనీశ్వరుడికి బుడ్డల నూనె, అంటే వేరుశనగ నూనె, పనికిరాదు కనుక గానుగలో ఆడించిన నువ్వుల నూనె డబ్బా తెరిచి, ఒక సోలెడు పోసింది. ఒక పక్క నానాక దోసె తిరగేసినట్టు తిరగేసి రెండో పక్క నానబెట్టింది. స్తోత్రం పదకొండుసార్లు చదివింది. తర్వాత పాత పంచె గుడ్డతో శుభ్రంగా తుడిచి, ఎక్కడివి అక్కడ సర్దేసింది. బొట్టు కూడా పెట్టేదే, కొడుకు కోప్పడతాడని మానుకుంది. ఆమె చేసిన దాంట్లో ప్రేమ తప్ప మరేమీ లేదు. నూనె తగిలిన బ్రేకు పట్టదని ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఆమె ఎవరినీ అడగలేదు.

ఆ వాసన ఎవరూ పట్టలేదా అంటే, ఆ ఇంటిలో నూనె వాసన ఎవరికి తెలుస్తుంది? ముందు చక్రాలకు ప్యాడ్లు బిగించేటప్పుడు బుడేన్ సాహెబ్‌కైనా చేతికి జిడ్డు తగలాలి గదా అంటే, ఆయన చేతులు జిడ్డు లేకుండా ఉండి ముప్ఫై ఏళ్లయింది. "కొత్త సరుకు, మెరుస్తాండాయి," అని మాత్రం మెచ్చుకున్నాడు.

పదిన్నరకు కారు బయల్దేరింది. ముందర వేణుగోపాల్, శ్రీవాణి. వెనక సీటు లేనిచోట నాలుగు నూనె డబ్బాలు, వాటిలో రెండింటి మీద పెద్దసుబ్బయ్య, బుడేన్ సాహెబ్.

"డబ్బాలు ఎందుకు నాయనా?" అన్నాడు వేణుగోపాల్.

"కడపలో హులిగెమ్మ మెస్సుకు ఎయ్యాలి. బండి ఎట్లాగూ పోతాండాది గదా. శనివారం నూనె కొనరు గానీ, దించుకుంటారు. బిల్లు నిన్నటి తారీఖుతో రాసినాలే." పెద్దసుబ్బయ్య జేబు తట్టుకున్నాడు. శనివారం అంగట్లో ఎలాగూ గిరాకీ ఉండదు. కారు ఆ గీతలు దాటడం కళ్లారా చూసి, అటునుంచి అటే స్వాధీనం చేసుకుందామని ఆయన ఆశ.

ఊరి చివర సిగ్నలు దగ్గర వేణుగోపాల్ బ్రేకు తొక్కాడు. కారు సిగ్నలును గౌరవించకుండా ముందుకు పోయింది. ముందు నిలబడ్డ ఆటోకు జానెడు దూరంలో, వెనక చక్రాల పుణ్యాన ఎలాగో ఆగింది. శ్రీవాణి రెండు చేతులూ ముందుకు చాచి గట్టిగా కళ్లు మూసుకుంది. వేణుగోపాల్ ముఖం మాత్రం వెలిగిపోయింది.

"చూసినావా, పట్టలేదు."

"పట్టకుంటే సంతోషపడతారేందండీ?"

"చల్లగా ఉంటే పట్టకూడదు వాణీ. పట్టినాయంటే అవి నకిలీవి. ఇవి అసలైన సరుకు."

అక్కడినుంచి అతను బ్రేకులు వేడెక్కించే పనిలో పడ్డాడు. ఖాళీ రోడ్డు మీద పరుగెత్తించడం, తొక్కడం, మళ్లీ పరుగెత్తించడం, తొక్కడం. తొక్కినప్పుడల్లా వెనకున్న ఇద్దరూ డబ్బాలతో సహా ముందుకు జరిగి, వదిలినప్పుడల్లా వెనక్కి పోయారు. పాణ్యం దాటేసరికి ముందు చక్రాల్లోంచి సన్నగా పొగ మొదలైంది. పొగతో పాటు వాసన. మాడిన వాసన కాదు. ఎవరో పక్కనే బాణలి పెట్టినట్టు కమ్మని వాసన.

పెద్దసుబ్బయ్య ముక్కు ఎగరేశాడు. "బండి ఆపు. డబ్బా కారుతాండాది."

ఆపడం చెప్పినంత సులభం కాదు. నంద్యాలలో టీ కొట్టు చూసి తొక్కడం మొదలుపెడితే, కొట్టు వెనక్కి వెళ్లిపోయింది. తిరిగొచ్చారు. మళ్లీ వెళ్లిపోయింది. మూడోసారి టీ కొట్టువాడే గ్లాసులతో రోడ్డు మీదకు వచ్చి ఎదురు నిలబడబోయాడు, ముఖాలు చూసి మనసు మార్చుకున్నాడు. చివరికి ఒక మట్టిదిబ్బ ఎక్కించి ఆపారు.

పెద్దసుబ్బయ్య డబ్బాలు నాలుగూ తడిమాడు. చుక్క తడి లేదు. అనుమానం తీరక ఒకదాని మూత ఊడబెరికి వాసన చూశాడు.

"ఇది బుడ్డల నూనె. మనకు వచ్చే వాసన నువ్వులది. అందులోనూ గానుగది. నలభై ఏళ్ల ముక్కు ఇది, తప్పు చెప్పదు."

"నాయనా, వేడెక్కేటప్పుడు వాసన వస్తాదని కాగితంలో రాసినారు," అన్నాడు వేణుగోపాల్.

"నువ్వుల నూనె వాసన వస్తాదని రాసినారా?" అంది శ్రీవాణి.

"వాసన అని రాసినారు. ఏ వాసనో రాయలేదు."

బుడేన్ సాహెబ్ చక్రం దగ్గర వంగి కాసేపు పీల్చాడు. ఆయనకు రంజాను రోజుల్లో కూడా ఇంత ఆకలి వేయలేదు. "శానా బాగుండాది," అన్నాడు. అది మెకానిక్‌గా ఇచ్చిన అభిప్రాయమో, మామూలు మనిషిగా ఇచ్చిందో తెలియలేదు.

ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర పని పూర్తిగా చెడింది. ఎదురుగా గొర్రెల మంద రావడంతో కారు నత్తనడకన పోవాల్సి వచ్చింది. రెండు చక్రాల్లోంచీ పొగ, ఆ పొగలోంచి ఆ వాసన. బస్సు కోసం నిలబడ్డ జనం ముక్కులు ఒక్కసారిగా తిరిగాయి. ఒకాయన కారు పక్కనే నడుస్తూ కిటికీలోకి తొంగి చూశాడు.

"మిరపకాయవా, ఉర్లగడ్డవా?"

"ఏందప్పా?" అన్నాడు వేణుగోపాల్.

"బజ్జీలు. రెండు ప్లేట్లు కట్టియ్యి, బస్సు వచ్చేస్తాది."

"బజ్జీలు లేవు. ఇది పందెం కారు."

"పందెం తర్వాత పెట్టుకోండప్పా, పిల్లోల్లు ఆకలితో ఉండారు." ఆయన వెనక మరో పదిమంది పోగయ్యారు. ఒకామె ఇంటినుంచి గిన్నె కూడా తెచ్చుకుంది. కారు ఆగదు, జనం వదలరు. ఊరి చివరిదాకా అందరూ కలిసి నడిచారు. తర్వాత ఖాళీ చేతులతో తిరిగిపోతూ, గిరాకీని ఇట్లా ఏడిపించే కొట్టు ఎక్కడా చూడలేదని తిట్టారు. పెద్దసుబ్బయ్య ఆ జనం కేసి చూస్తూ చాలా దూరం బాధపడ్డాడు. అంత బేరం ఎదురొస్తే అమ్మడానికి చేతిలో ఒక్క బజ్జీ లేకపోవడం ఆయన జీవితంలో అదే మొదటిసారి.

ఎలాగో కడప చేరారు, అప్పటికి మెస్సు మూసేశారు. రాత్రి శ్రీవాణి వాళ్ల పిన్ని ఇంట్లో పడుకుని, పొద్దున ఏడింటికల్లా బీడులో ఉన్నారు. పదకొండు కార్లు వచ్చాయి. దేవేంద్రప్ప ఈ ఏడాది కుర్చీ వేయించుకోలేదు. ఒక ట్రాక్టరు తెప్పించుకుని దాని మీద ఎక్కి కూర్చున్నాడు, అదీ సున్నం గడికి బాగా దూరంగా. పదకొండో నంబరు కారును చూడగానే ట్రాక్టరును ఇంకో పది గజాలు వెనక్కి జరిపించాడు.

తనిఖీ అంటే హ్యాండ్‌బ్రేకు వేసి ఇద్దరు మనుషులు తోయడమే. హ్యాండ్‌బ్రేకు వెనక చక్రాలది కనుక కారు కదల్లేదు. దేవేంద్రప్ప పైనుంచే గాలి పీల్చాడు.

"తలకు నూనె పెట్టుకున్నావా ఏమప్పా?"

"అది బ్రేకుల వాసనన్నా. పందెం సరుకు."

"పోయినసారి మాదిరి నా మీదికి రావు గదా?"

"ఈసారి బ్రేకులు చూస్కోన్నా," అని వేణుగోపాల్ దరఖాస్తులో ఆ ఖాళీ గడిని గర్వంగా నింపాడు: 'పందెం రకం, వేడెక్కితే పట్టేవి.'

పందెం మొదలైంది. ఆ బీడంతా సన్నని గులకరాళ్లు, దాని మీద దుమ్ము. కార్లన్నీ ఈలలు వేస్తూ వచ్చాయి, గడి కనబడగానే డ్రైవర్లు బలం కొద్దీ బ్రేకులు తొక్కారు, చక్రాలు బిగుసుకున్నాయి, కార్లు మాత్రం గులకరాళ్ల మీద హాయిగా జారుకుంటూ గీత దాటిపోయాయి. మంచి బ్రేకులున్నవి ఇంకా బాగా జారాయి. మెల్లగా వచ్చి ఆగొచ్చు గదా అని మీకు తోచవచ్చు. పందెం కార్లు నడిపేవాళ్లకు అది తోచదు. పదిమందిలో ఒక్కరి పరుగూ చెల్లలేదు.

పదకొండోవాడు వేణుగోపాల్. డ్రమ్ముల మధ్య బాగా తిప్పాడు, ఆ మాట ఒప్పుకోవాలి. చివరి మలుపు తిరిగి, దేవుణ్ణి తలుచుకుని, తొక్కాడు. ముందు చక్రాలు రెండూ పొగ విడిచాయి తప్ప పట్టలేదు. కారు గడిలోకి ఇటునుంచి వచ్చి అటునుంచి వెళ్లింది. దేవేంద్రప్ప ట్రాక్టరు మీద లేచి నిలబడ్డాడు. ట్రాక్టరు ముందు చక్రానికి మూరెడు దూరంలో కారు నిలిచింది, అక్కడి గుంతలో దిగబడి.

అప్పుడే శ్రీవాణి సెల్‌ఫోను మోగింది. చెన్నమ్మ.

"గెలిచినాడా అమ్మా?"

"లేదత్తా. గీత దాటినారు."

"అట్ల దాటకూడదే. నేను ఆ ఇనపముక్కలకు శాంతి చేసి పంపితి గదా."

శ్రీవాణి గొంతు తగ్గించింది. "ఏం శాంతి అత్తా?"

"శనివారం వచ్చిన ఇనుము గదమ్మా. నువ్వుల నూనెలో గంటసేపు నానబెట్టినా, రెండు పక్కలా. వాడి చేతికి అంటకుండా తుడిచిపెట్టినాలే."

శ్రీవాణి ఫోను పెట్టేసి విన్నది విన్నట్టు చెప్పింది.  ముందుగా కదిలింది పెద్దసుబ్బయ్య. "నువ్వులదని నేను చెప్పలే?" అన్నాడు తృప్తిగా. "గానుగది అని కూడా చెప్పినా."

వేణుగోపాల్ గులకరాళ్ల మీదే కూలబడ్డాడు. నవ్వాలో ఏడవాలో తెలియక ఏడుపు వైపే మొగ్గాడు. "మూడు వారాలు చదివినా బుడేన్‌భాయ్. అంగట్లో కూర్చోని, నాయన చూడకుండా, బిల్లు పుస్తకం కింద పెట్టుకోని చదివినా. నాకని ఉండేది ఇదొక్కటే."

"ఇంకో పరుగు ఉండాది గదప్పా. ప్యాడ్లు పీకి కాల్చి చూద్దాం."

"వద్దు. నేను మళ్లా ఎక్కను."

పెద్దసుబ్బయ్య కొడుకు పక్కన కాసేపు గొంతుక్కూర్చున్నాడు. కానీ మాట మాటే. పైగా హులిగెమ్మ మెస్సులో పన్నెండింటికి పొయ్యి వెలిగిస్తారు. "తాళం ఇయ్యి నాయనా. డబ్బాలు ఏసి వస్తా," అన్నాడు కొంచెం మెత్తగా. వేణుగోపాల్ తలెత్తకుండా తాళం ఇచ్చాడు. పరుగు కోసం దించిన నాలుగు డబ్బాలనూ పెద్దసుబ్బయ్య, గుంతలోంచి బయటికి తోయించిన కారులోకి మళ్లీ ఎక్కించాడు. నంద్యాలలో మూత ఊడబెరికిన డబ్బాను జాగ్రత్తగా తన సీటు వెనకే ఆనించి పెట్టుకున్నాడు. ఎండకు తలకు తువ్వాలు చుట్టుకుని బయల్దేరాడు.

ఆ పాటికి రెండో విడత పరుగులు కూడా అయిపోవస్తున్నాయి. పదిమందీ మళ్లీ జారారు. బీడులోంచి రోడ్డు ఎక్కే దారి ఎటో పెద్దసుబ్బయ్యకు తెలియదు. రెండు పక్కలా తాళ్లు కట్టి ఉన్న బాట ఒకటి కనిపిస్తే అటే తిప్పాడు. అది పందెం మొదలయ్యే చోటు. జెండా పట్టుకున్న మనిషి, పదకొండో నంబరు రెండో పరుగుకు వచ్చిందనుకుని జెండా ఊపాడు. దారి ఇస్తున్నాడు కాబోలు అని పెద్దసుబ్బయ్య అతనికి తలూపి ముందుకు పోయాడు. గడియారం కొట్టుకోవడం మొదలైంది.

ఇరవై ఏడేళ్లు నూనె బండి తోలిన మనిషి ఆయన. నూనె బండి తోలేవాడు బ్రేకు తొక్కడు. తొక్కితే డబ్బాలు దొర్లుతాయి, మూత లేనివి ఒలుకుతాయి. ఆగవలసిన చోటు ఫర్లాంగు ముందే చూసుకుని, గేర్లు ఒక్కొక్కటే దించుకుంటూ, బండి తనంతట తానే నిలబడేలా చేస్తాడు. డ్రమ్ముల దగ్గర హారను కొట్టాడు, మలుపు మలుపుకూ సిగ్నలు వేశాడు, ఒకచోట అడ్డొచ్చిన కుక్కను పోనిచ్చాడు. జనం మొదట నవ్వారు, తర్వాత విసుక్కున్నారు. ట్రాక్టరు మీద దేవేంద్రప్ప మాత్రం నవ్వలేదు. పదకొండో నంబరు కారు ఎంత నెమ్మదిగా వచ్చినా ఆయనకు నమ్మకం లేదు.

చివరి మలుపు తిరిగేసరికి ముందర తాడు, తెల్లగీతలు, బల్ల, బల్ల మీద కాగితాలు, చెయ్యెత్తి నిలబడ్డ మనిషి. పెద్దసుబ్బయ్యకు ఇంకేం చెప్పాలి? సరుకు బండికి అలాంటి చోటు కనబడితే అది చెక్‌పోస్టే. పాదం బ్రేకు దగ్గరికి కూడా పోలేదు. మూడు, రెండు, ఒకటి అని గేర్లు దించాడు. కారు వచ్చి గడి నడిమధ్యలో, మేతకు పోయొచ్చిన బర్రె కొట్టంలో నిలబడినట్టు నిలబడింది. ఆయన ఇంజను ఆపి, జేబులోంచి బిల్లు తీసి కిటికీలోంచి అందించాడు.

"నాలుగు డబ్బాలు, బుడ్డల నూనె. మొన్న శుక్రవారం బిల్లు. చూసుకోండి."

గడియారం పట్టుకున్న మనిషి బిల్లు తీసుకున్నాడు. ఏం చేయాలో తోచక దాని వెనకే టైము రాశాడు. నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు.

పది కార్ల డ్రైవర్లూ ట్రాక్టరు చుట్టూ మూగి గొడవకు దిగారు. నడపాల్సినవాడు వేరన్నారు, తలకు హెల్మెట్టు లేదన్నారు. దేవేంద్రప్ప నియమాల కాగితం చదివాడు. పరుగులు కారు నంబరుకు, మనిషికి కాదు. 'తలకు రక్షణ ఉండాలి' అని ఉంది, తువ్వాలు రక్షణ కాదని లేదు. గడిలో ఆగిన కారు ఇరవై రెండు పరుగుల్లో ఇదొక్కటే. "రెండేళ్లలో నా దాకా రాకుండా నిలబడిన పదకొండో నంబరు ఇదేనప్పా," అని ఆయన కిందికి దిగొచ్చి కప్పు పెద్దసుబ్బయ్య చేతిలో పెట్టాడు.

"ఇది ఎందుకు?" అన్నాడు పెద్దసుబ్బయ్య. "బిల్లు ఇయ్యండి, పొయ్యే టైమయింది."

విషయం అర్థం కావడానికి ఆయనకు కొంత సేపు పట్టింది. అర్థమయ్యాక ముఖం విప్పారింది. ఇంకా కొంచెం అర్థమయ్యాక ముడుచుకుంది. ఎందుకంటే కొడుకు పరుగెత్తుకుంటూ వచ్చి, రొప్పుతూ ఎదురుగా నిలబడ్డాడు.

"నాయనా, గీతల్లో బండి నిలబడినాది."

పెద్దసుబ్బయ్య బుడేన్ సాహెబ్ వైపు చూశాడు. సాక్షి గడ్డం గోక్కున్నాడు. "బండి నిలబడితే అన్నారు శెట్టిగారూ. ఎవరు తోలితే అని అనలేదు. నేను ఉండానప్పుడు."

"నాకు తెలుసులే." పెద్దసుబ్బయ్య కారు లోపలికి తొంగి చూశాడు. మూత లేని డబ్బాలోంచి చుక్క ఒలకలేదు. పదిహేను డబ్బాల చోటును చివరిసారిగా కళ్లతో కొలుచుకుని, నిట్టూర్చి, తాళం కొడుకు చేతిలో పెట్టాడు. "బజారులో నలభై ఏళ్లు నా మాట మీద బతికినా. నీ ఆట నీది. పోయి ఆ డబ్బాలు ఏసి రా, నిదానంగా."

వేణుగోపాల్ ఆ తాళాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు.  శ్రీవాణి అతని భుజం మీది దుమ్ము దులిపి, అత్తకు ఫోను చేసి శాంతి ఫలించిందని చెప్పింది. అందులో అబద్ధం ఎంతో ఆమెకే తేలలేదు.

మరుసటి ఏడు దరఖాస్తు వచ్చినప్పుడు వేణుగోపాల్ స్నానానికి పోయి ఉన్నాడు. పెద్దసుబ్బయ్యే కళ్లద్దాలు పెట్టుకుని కలం తీశాడు. కారు యజమాని పేరు దగ్గర కొడుకు పేరు రాశాడు. నడిపేవారి దగ్గర తన పేరు రాసుకున్నాడు. నిరుడు మూడు వారాలు ఖాళీగా ఉండిన బ్రేకు ప్యాడ్ల గడిలో, ఎవరినీ అడక్కుండా, 'గానుగ నువ్వుల నూనె' అని రాసి సంతకం పెట్టాడు.